పోయింది కాదు, లాక్కుపోయారు

మా తమ్ముడు 2011 డిసెంబర్‌లో వరంగల్ హైవే మీద పోయాడు. నాచారంలో రాత్రి షిఫ్టు దిగి మోపెడ్ మీద పోచారం వస్తుంటే వెనక నుంచి ఏదో బండి కొట్టి ఆగకుండా పోయింది. పంచనామా జరిగింది, పోస్టుమార్టం జరిగింది, తెల్లగుడ్డలో చుట్టి ఇస్తే తెచ్చుకున్నాం. దినాలు అయ్యాక మాతో మాట్లాడినవాళ్లు లేరు. బండి దొరకలేదు కాబట్టి కేసు ముగిసిందని మాకు మేమే అనుకున్నాం. కొట్టిన బండి ఏదో తెలియకపోయినా, చనిపోయినవారి ఇంటికి అప్పటి చట్టం ప్రకారం 25 వేల రూపాయలు వస్తాయట. ఆ సంగతి మా మరదలికి రెండేళ్ల తర్వాత బస్సులో పక్క సీటు మనిషి చెబితే తెలిసింది. అప్పటికి గడువు దాటింది. అది పెద్ద డబ్బేమీ కాదు. కానీ ఆ మధ్యలోనే వాళ్ల పెద్దపిల్ల ఇంటర్ మానేసి పెట్రోలు బంకులో పనికి కుదిరింది.

నేను ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పాను. 2012లో రిటైరయ్యాక న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరాను. వకీలును కాను. ఠాణాకూ, దవాఖానకూ, కోర్టుకూ వెళ్లాల్సిన వాళ్లకు తోడు వెళ్తాను. పదేళ్లకు పైగా అలా తిరిగి నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను. మా పోచారం, నారపల్లి, ఉప్పల్, నాచారం వాళ్లను మనసులో పెట్టుకొని రాస్తున్నా, చట్టం ఎక్కడైనా ఒకటే.

1. దరఖాస్తులో క్రియాపదం చూసుకోవాలి

చౌదరిగూడ వైపు ఉండే ఒకావిడ, యాభై దాటిన మనిషి, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్లింది. బైకు మీద ఇద్దరు వచ్చి మెడలో పుస్తెల తాడు తెంపుకొని పోయారు. నేను స్టేషన్‌కు చేరేసరికి రిసెప్షన్‌లో ఆమె తరఫున దరఖాస్తు రాయడం అయిపోయింది. ఆమె వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ తీస్తున్నారు. కాగితం అందుకొని చదివాను. ‘నా మెడలోని మూడు తులాల పుస్తెల తాడు పోయినది. కావున దయతో వెతికి ఇప్పించగలరు’ అని ఉంది.

ఆమె వైపు చూశాను. మెడకు ఎడమ పక్క తాడు ఒరుసుకుపోయిన ఎర్రటి గీత, చెవి కిందికి వచ్చేసరికి తెగి రక్తం ఎండింది. రవిక అంచుకు అంటిన మరక మీదికి ఆమె కొంగు లాక్కుంటూ ఉంది. పుస్తెలు లేని మెడ నలుగురికీ కనబడుతుందని ఆమె బాధ.

‘బాబూ, పోయినది అంటే కర్త లేడు. ఇది జారిపోయిన వస్తువు కాదు. తెంపుకొని పోయారు’ అన్నాను. రాసిన కుర్రాడు చెడ్డవాడు కాదు. రాత్రి డ్యూటీ దిగి ఇంకా ఇంటికి పోలేదు. ‘రెండూ ఒకటే కదా టీచరమ్మా’ అన్నాడు. ఒకటి కాదు. ‘పోయినది’ అని రాస్తే అది వస్తువు పోగొట్టుకున్న అర్జీ. ‘తెంపుకొని పోయారు’ అని రాస్తే అది నేరం. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్‌కు విడిగా 304 సెక్షనే ఉంది, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ మెడ మీది గీతకు డాక్టరు సర్టిఫికెట్ రావాలన్నా ఆ క్రియ మారాలి.

మన భాషలో కర్తను దాచే క్రియలు చాలా ఉన్నాయి. ‘గొడవ జరిగింది’ అంటాం, నిజానికి మొగుడు కొట్టాడు. ‘కింద పడింది’ అంటాం, తోశారు. ‘డబ్బులు కట్ అయ్యాయి’ అంటాం, మోసం చేసి తీసుకున్నారు. భయంలో ఉన్న మనిషి నోట ఈ కర్తలేని క్రియలే వస్తాయి. అవే దరఖాస్తులో పడతాయి. దరఖాస్తులో పడ్డవే ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతాయి. మూడేళ్ల తర్వాత కోర్టులో ముద్దాయి వకీలు ఆ కాగితం ఎత్తి పట్టుకొని, కొట్టినట్టు ఆనాడు చెప్పలేదు కదమ్మా అని అడుగుతాడు.

అందుకే నోటితో చెప్పినది రాసుకున్నాక చదివి వినిపించాలని చట్టంలోనే ఉంది. వినిపించమని అడగాలి. చదువు రాకపోతే ఇంకా గట్టిగా అడగాలి. ఆవిడ దరఖాస్తు ఆ రోజు మళ్లీ రాశారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఇద్దరి వయసు, వెనక కూర్చున్నవాడి చొక్కా రంగు, ఏ వైపు పారిపోయారు, అన్నీ ఆమెకు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

2. హద్దుల పంచాయితీ మనది కాదు

ఉప్పల్, బోడుప్పల్, నాచారం, మల్లాపూర్, నారపల్లి, పోచారం, అన్నోజిగూడ. ఒకదాని గోడకు ఇంకొకటి ఆనుకొని పెరిగిన ఊళ్లు. రోడ్డుకు ఇటు ఒక స్టేషన్, అటు ఇంకో స్టేషన్. 2016లో రాచకొండ కమిషనరేట్ వచ్చినప్పుడు గీతలు మారాయి, ఆ తర్వాతా మారాయి. దెబ్బలు తిన్న మనిషికి ఈ గీతలు తెలియాల్సిన పని లేదు.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక అమ్మాయి మీద అత్యాచారం చేసి చంపింది తెలుగువాళ్లెవరూ మరచిపోలేదు. మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారని ఆ అమ్మాయి ఇంటివాళ్లు చెప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. జీరో ఎఫ్ఐఆర్ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే. నేరం ఎక్కడ జరిగినా, దగ్గరున్న స్టేషన్ దాన్ని సున్నా నంబరుతో నమోదు చేసుకొని అసలు స్టేషన్‌కు పంపాలి. ఒకప్పుడు ఇది ఆదేశాలలో ఉండేది. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనే, ‘ఏ ప్రాంతంలో జరిగినా’ అనే అర్థంతో ఎక్కింది.

ఆ కేసులో నిందితులు నలుగురూ డిసెంబర్ 6న ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్ కథను నమ్మలేమని తేల్చింది. నాకు ఆ పూలు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. ఆ రాత్రి ఆ ఇంటివాళ్లకు కావలసింది ఫిర్యాదు తీసుకొని వెంటనే బయలుదేరే జీపు. అది దొరకని లోటును తర్వాతి తుపాకీ చప్పుడు పూడ్చలేదు.

ఫిర్యాదును ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు. అలా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఈ మూడు రోజుల సంగతి తెలియక పంపేశాం కదా అని కూర్చునేవాళ్లను చూశాను. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి చూసే వీలు పోలీసులకు కొత్త చట్టం ఇచ్చింది. ఇంకా ఎఫ్ఐఆర్ కాలేదేమని అడిగితే, ఆ విచారణలో ఉందా, ఉంటే ఏ తేదీన మొదలైంది అని కూడా అడగాలి. తీసుకోనే తీసుకోమంటే అదే ఫిర్యాదును డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఆ రసీదు దాచుకోవాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. నేరం జరిగినట్టు సమాచారంలో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి వాటిలో సమాచారం రాసుకోని అధికారికే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు ఉంది.

3. కాపీ చేతికి రాకుండా మెట్లు దిగొద్దు

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. ఫిర్యాది అడిగినా, బాధితురాలు అడిగినా ఇవ్వాలి. సర్వర్ డౌన్ అంటే రేపు ఎన్ని గంటలకు రమ్మంటారో అడిగి ఆ గంటకు వెళ్లాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలపాలని కూడా చట్టం. అది మెసేజ్ రూపంలోనైనా రావచ్చు. నేను మా క్యాలెండర్‌లో ఆ తొంభయ్యో రోజు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పెడతాను.

4. దవాఖానలో ముందు డబ్బు అడిగితే

అత్యాచారం, యాసిడ్ దాడి, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు) కేసుల్లో ప్రభుత్వ దవాఖాన అయినా కార్పొరేట్ ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. చేయకపోతే ఆస్పత్రి నడిపేవాళ్లకు ఏడాది దాకా శిక్ష ఉంది. మిగిలిన నేరాల్లో కూడా, స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి గానీ మేజిస్ట్రేట్ గానీ సర్టిఫికెట్ ఇస్తే, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్రథమ చికిత్సో వైద్య సహాయమో అందేలా ఆదేశించవచ్చు. ఈ సర్టిఫికెట్ ఉందని తెలిసినవాళ్లు చాలా తక్కువ. నేను అడిగినప్పుడు ఒక అధికారి పుస్తకం తెరిచి చూసి, ఉంది మేడం అని రాసిచ్చాడు. చూసి ఇచ్చినందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

ఇక రోడ్డు. ఈ వ్యాసం మొదటి వాక్యంలో మా తమ్ముడు పోయాడని నేనూ రాశాను. పద్నాలుగేళ్లయినా నా నోటికి అదే వస్తుంది. వాణ్ణి ఒక బండి కొట్టి చంపి పారిపోయింది. అది నేరం, మేం బాధితులం. చనిపోయినవారి వారసులు కూడా బాధితులేనని చట్టంలో ఆ మాటకు ఇచ్చిన అర్థంలోనే ఉంది.

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలైన ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య, గుంతల్లో, ఎన్ని ఇళ్లు ఇలా బాధితులయ్యాయో ఆ దారిన రోజూ తిరిగేవాళ్లకు తెలుసు. కొట్టిన బండి తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారుల దగ్గర పెట్టుకోవాలి. నెల రోజుల్లో బండి వివరం తెలియకపోతే, ఇలాంటి పరిహారం ఉందని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు వార్త చదివిన రోజు మా మరదలి ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. విని, కొంగుతో కళ్లు తుడుచుకొని టీ పెట్టడానికి లేచింది.

2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లకు ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు వైద్యం గుర్తించిన ఆస్పత్రుల్లో జరగాలి. రోడ్డు మీద పడి ఉన్నవాళ్లను దవాఖానకు తీసుకెళ్లేవాళ్లు కూడా భయపడొద్దు. పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని వాళ్లను బలవంతపెట్టడానికి వీల్లేదు.

5. దొరకకపోయినా పరిహారం ఉంటుంది

నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే శ్రీకాకుళం మనిషి. జీతం రోజు రాత్రి నడిచి వస్తుంటే ఫోను, డబ్బు లాక్కొని, అడ్డుపడితే పొడిచారు. ప్రాణం దక్కింది, కుడిచేతి మూడు వేళ్లు పట్టు తప్పాయి. ఆ చెయ్యి మిషన్ మీద పెట్టే చెయ్యి. భార్య లేడీస్ హాస్టల్‌లో చపాతీలు చేస్తుంది. పొడిచినవాళ్లు దొరకలేదు. నేను పరిహారం మాట ఎత్తితే ఆమె అన్నది, ‘పొడిచినోడు దొరకనేదు కదమ్మా, మనకెవులిస్తారు?’

ఇది అందరూ అడిగే ప్రశ్నే. పరిహారం నేరస్థుడి జేబులోంచి వచ్చేదని మన ఊహ. కానీ 2009 చివరి నుంచి ప్రతి రాష్ట్రంలో బాధితుల పరిహార పథకం ఉండాలని చట్టం చెబుతోంది. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 396వ సెక్షన్. ఈ డబ్బు ప్రభుత్వ నిధి నుంచి వస్తుంది. నిందితుడు దొరకకపోయినా, విచారణే జరగకపోయినా బాధితులు నేరుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలి. కేసు కొట్టేసినా సరే, బాధితులకు పునరావాసం అవసరమనిపిస్తే కోర్టు పరిహారానికి సిఫారసు చేయవచ్చు. వైద్యానికి, ఇల్లు గడవడానికి ముందుగా మధ్యంతర సాయం అడిగే వీలుంది. అడగాలి. అడగకపోతే రాదు.

మహిళల మీద జరిగే నేరాలకు జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తయారుచేసిన పథకం సుప్రీంకోర్టు చెప్పాక 2018 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చింది. అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షలు, ముఖం దెబ్బతిన్న యాసిడ్ బాధితురాలికి 7 నుంచి 8 లక్షలు, ప్రాణం పోతే 5 నుంచి 10 లక్షలు అని అందులో ఉంది. యాసిడ్ దాడిలో మొదటి లక్ష 15 రోజుల్లో అందాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే సాయం వేరు. అది ఎఫ్ఐఆర్ అప్పుడు కొంత, ఛార్జిషీటు అప్పుడు కొంత, శిక్ష పడ్డాక కొంతగా వస్తుంది. తీర్పు దాకా ఆగాలని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

శ్రీకాకుళం ఆమెతో కూర్చొని కాగితాలు పోగుచేయడానికి రెండు వారాలు పట్టింది. ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఆధార్, పాస్‌బుక్. సగం బిల్లులు ఆమె చపాతీల పొయ్యి దగ్గర పెట్టి మరచిపోయింది, నూనె అంటి అక్షరాలు చెరిగాయి. మందుల షాపులో మళ్లీ ప్రింటు తీయించాం. చిన్న బిల్లు కూడా పారేయొద్దని అందరికీ చెప్పేది అందుకే. మధ్యంతరంగా కొంత డబ్బు వచ్చింది. మిగతాది ఇంకా రావాలి.

6. ఫోనులో దోచుకుంటే గంటలోపు 1930

మా పోచారంలో ఇన్ఫోసిస్ వచ్చాక హాస్టళ్లు పెరిగాయి, ఆ పిల్లల ఫోన్లలోకి టాస్కులు, ట్రేడింగ్ యాప్‌లు వచ్చాయి. పెద్దవాళ్లకు వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వచ్చింది. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఒక రిటైరైన పెద్దాయన రెండు రోజులు ఫోను ముందు నుంచి కదలకుండా కూర్చొని, ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి పంపాడు. తర్వాత నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకన్నయ్యా అంటే, కొడుకు తిడతాడని అన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో డబ్బు ఎన్ని ఖాతాలు దాటుతుందో చెప్పలేం. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా చెబితే అంత డబ్బు బ్యాంకుల్లో ఆగుతుంది. యూటీఆర్ నంబరు, సమయం, ఏ ఖాతా నుంచి పోయిందో దగ్గర పెట్టుకొని ఫోన్ చేయాలి. ఆగిన డబ్బు తనంతట తాను వెనక్కి రాదు, చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో 2024లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు కోట్ల రూపాయలు తిరిగి ఇప్పించాయి. కాబట్టి వాయిదా ఎప్పుడుందో కనుక్కుంటూ ఉండాలి.

ఇంట్లోవాళ్లకు నా ప్రార్థన ఒక్కటే. నాన్న డబ్బులు పోగొట్టుకున్నాడు అనకండి. నాన్నను దోచుకున్నారు అనండి. ఆ పెద్దాయన కొడుకు ఆ మాట మొదటి రోజే అంటాడని తెలిసి ఉంటే, ఆ నాలుగు రోజులు పోయేవి కావు.

7. ఆమె పేరు నా నోట రాదు

1978లో నేను బీఈడీ చదువుతున్నాను. ఆ మార్చి నెలాఖరులో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో, రెండో ఆట సినిమా చూసి వస్తున్న ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులే అత్యాచారం చేశారు. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. అడ్డుపడితే కొట్టి చంపారు. నగరం అట్టుడికింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారి, 1981లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ ముందు ఆమెను ఏమేమి అడిగారో అప్పటి పత్రికల్లో చదివాం. ఎన్ని పెళ్లిళ్లు, ఎవరితో తిరిగింది, ఏ వృత్తి. హాస్టల్లో మేం పేపరు మడిచి దిండు కింద పెట్టుకొనేవాళ్లం, మళ్లీ తీసి చదివేవాళ్లం.

ఆమె పేరు దేశమంతటికీ తెలుసు, చరిత్ర పుస్తకాల్లో ఉంది. నేను రాయను. ఆ కేసు, మహారాష్ట్రలోని ఒక ఆదివాసీ బాలిక కేసు, వాటి మీద వీధుల్లోకి వచ్చిన ఆడవాళ్లు, వీటన్నిటి వల్ల 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు ప్రచురించడం నేరమైంది అప్పుడే. పేరు మీద కప్పిన ఆ కొంగును ఇన్ని కష్టాలు పడి సంపాదించుకున్నాం. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క నిమిషంలో లాగేస్తున్నాం. మా కాలనీ గ్రూపులో ఎవరో ఒక పాప బడి పేరు, ఇంటి ముందు ఫొటో పెడితే ఆ రాత్రే వాళ్లింటికి వెళ్లి తీయించాను. పేరు లేకపోయినా బడి, వీధి, తండ్రి పని చెబితే పేరు చెప్పినట్టే.

ఇప్పుడు పరిస్థితి 1978 కాదు. అది గుర్తుంచుకుంటేనే నాకు ధైర్యం వస్తుంది. పిల్లల కేసుల్లో పోలీసులే పిల్ల ఉన్నచోటికి రావాలి, యూనిఫాం లేకుండా రావాలి, వీలైనంతవరకు మహిళా అధికారి రావాలి. పిల్లను రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. అత్యాచార బాధితురాలి వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. పాత నడవడి గురించి అడిగే ప్రశ్నలకు కోర్టులో చోటు లేదు. 2016 మేలో అసెంబ్లీ ఎదుట హాకా భవన్‌లో భరోసా కేంద్రం మొదలైంది. వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం, వకీలు సలహా, అన్నీ ఒకే చోట దొరకాలని పెట్టింది. నేను తీసుకెళ్లిన ఒక పాప అక్కడ వాంగ్మూలానికి ముందు అరగంట రంగుపెన్సిళ్లతో ఇల్లు గీసింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆ అరగంట విలువ ఠాణా బెంచీ మీద కూర్చున్న పిల్లలను చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఇంట్లో హింస భరించలేక అర్ధరాత్రి బయటికి వచ్చిన ఆడవాళ్లకు 181. సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. పిల్లలకు 1098. ఏది గుర్తు రాకపోయినా 112.

8. కోర్టులో పీపీ ప్రభుత్వ వకీలు

బాధితులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ మన తరఫున వాదిస్తాడు గానీ మన వకీలు కాడు. ఆయన చేతిలో రోజుకు ఎన్నో ఫైళ్లు. ఆయనకు సాయంగా మన వకీలును పెట్టుకునే హక్కు ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సహాయం ఉచితం. 15100కి ఫోన్ చేయవచ్చు. వకీలు ద్వారా హాజరైన బాధితులకు ఛార్జిషీటు ప్రతులు కూడా ఇవ్వాలని కొత్త చట్టంలో ఉంది.

2022 ఏప్రిల్‌లో, రైతులను బండితో తొక్కి చంపారన్న లఖీంపూర్ ఖేరీ కేసులో, అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ధర్మాసనం నిందితుడి బెయిలు రద్దు చేసింది. దర్యాప్తు నుంచి అప్పీలు దాకా ప్రతి దశలో బాధితుల మాట వినాల్సిందే అంది. కేసు ఉపసంహరించుకోవాలని ప్రభుత్వం అనుకున్నా బాధితులను వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు. నిందితుణ్ణి వదిలేసినా, చిన్న నేరం కింద మాత్రమే శిక్షించినా బాధితులే అప్పీలు చేసుకోవచ్చు.

కోర్టు దూరమైతే హక్కు కూడా దూరమే. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊరివాళ్లు పట్టుపట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో అక్కడే తీర్పు విన్నారు. 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అయినా కోర్టును తమ గడప దగ్గరికి రప్పించుకున్న ఆ పేదవాళ్లు గెలిచింది తక్కువేమీ కాదు. ఎస్సీ, ఎస్టీ చట్టంలో బాధితుల, సాక్షుల హక్కులకంటూ విడిగా ఒక అధ్యాయం 2016లో వచ్చింది. అందులో వాళ్ల పాతికేళ్ల చెమట ఉంది.

9. రాజీ మాట వచ్చినప్పుడు

వస్తుంది. కులపెద్దల ద్వారానో, ఇంటి ఓనరు ద్వారానో, మేనమామ ద్వారానో వస్తుంది. రాజీ కుదిరే నేరాలు ఉన్నాయి, కుదరనివి ఉన్నాయి. అత్యాచారంలో, పోక్సోలో రాజీ లేదు. బెదిరిస్తే ఆ బెదిరింపును తేదీ వేసి రాసి ఇవ్వాలి. 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద రక్షణ కోరవచ్చు. అరవై దాటినవాళ్లను, ఆడవాళ్లను, పదిహేనేళ్లలోపు పిల్లలను సాక్ష్యం చెప్పడానికి స్టేషన్‌కు రమ్మని పిలవకూడదు. పోలీసులే వాళ్లుండే చోటికి రావాలి.

10. తోడు వెళ్లేవాళ్లకు

వాళ్ల బదులు మాట్లాడొద్దు. నేను మొదట్లో ఆ తప్పు చేశాను. టీచరును కదా, ప్రతి ప్రశ్నకూ నేనే జవాబు చెప్పేదాన్ని. ఒకసారి ఒక పిల్ల స్టేషన్ నుంచి బయటికి వచ్చాక, ‘టీచరమ్మా, నేను చెప్పాలనుకున్నది ఇంకొకటుండె’ అన్నది. మళ్లీ లోపలికి వెళ్లాం. ఆ ఇంకొకటే కేసులో ముఖ్యమైనది.

నీళ్ల సీసా, బిస్కెట్ ప్యాకెట్, రెండు పెన్నులు, జిరాక్స్‌కు చిల్లర ఉంచుకోవాలి. ఏం వేసుకున్నావు, అంత రాత్రి ఎందుకెళ్లావు అని ఎవరైనా అడిగితే మాత్రం అప్పుడు నోరు తెరవాలి.

వచ్చే గురువారం శ్రీకాకుళం ఆమె పరిహారం ఫైలు సంగతి కనుక్కోవడానికి పోవాలి. ఆమెకు హాస్టల్లో మధ్యాహ్నం వంట అయ్యాకే తీరిక. ఒంటిగంటకు ఉప్పల్ రింగ్ రోడ్డు బస్టాప్‌లో ఉంటానంది. ఈసారి మాట్లాడేది తనేనంది. పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ మరచిపోవద్దని ఫోనులో రెండుసార్లు చెప్పాను.